పసివేళ్లు - అల్లిక సూది

తెలుగులో 'అల్లు' అనే క్రియకు ఉన్న విస్తృతి ఆశ్చర్యం కలిగిస్తుంది. తీగ పందిరికి అల్లుకొంటుంది. తల్లి బిడ్డకు జడ అల్లుతుంది. బుట్ట అల్లుతారు, మంచానికి నులక అల్లుతారు, లేనిపోని కథలు అల్లుతారు. అల్లసాని పెద్దన కవిత్వాన్ని మెచ్చుకోదలచిన పూర్వులకు సైతం 'అల్లిక' కన్న తగిన మాట దొరకలేదు. సంస్కృతంలోని 'గ్రంథం' కూడ కూర్చడం, ముడివేయడం అనే అర్థాలు గల ధాతువు నుండి పుట్టినదే. 'సూత్రం' అంటే మొదటి అర్థం దారమే. ఇవన్నీ నిఘంటువులు చెప్పే సంగతులు. పుస్తకాల నడుమ ముప్పై ఏళ్లు గడిపిన నాకు ఇవి కొత్తవి కావు. అయినా వీటి సారం అనుభవానికి వచ్చింది మాత్రం ఒక తొమ్మిదేళ్ల బాలిక పక్కన కూర్చున్నప్పుడే.

ఆ బాలిక మా మేనకోడలి కూతురు. వేసవి సెలవులకు మా ఇంటికి వచ్చింది. ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. విసుగుతో ఇల్లంతా తిరుగుతున్న పిల్ల చేతికి వాళ్లమ్మ ఒక పసుపుపచ్చని ఊలు ఉండ, ఒక కొక్కెపు సూది ఇచ్చి గొలుసు కుట్టు నేర్పింది. సాయంత్రానికి ఆ గొలుసు వీధి గుమ్మం నుండి పెరటి తులసికోట దాకా సాగింది.

"ఇదేమిటమ్మా?" అని అడిగాను.

"గొలుసు తాతయ్యా."

"దేనికి?"

"దేనికీ కాదు. ఎంత పొడుగైందో చూడు!"

ఏ ప్రయోజనమూ ఆశించని ఆ సమాధానం నన్ను చాలసేపు ఆలోచింపజేసింది. ఏ పని చేసినా అది మార్కులకా, ర్యాంకుకా అని అడగడం పెద్దలమైన మనకు అలవాటైపోయింది. ఆ పిల్లకు దారం పొడుగు కావడమే పండుగ.

క్రోషె అనే ఈ అల్లికకు కావలసిన పరికరం ఒక్కటే. 'క్రోషె' అంటే ఫ్రెంచి భాషలో చిన్న కొక్కెం అని అర్థం. జానెడైనా ఉండని పుల్ల, దాని కొసన ఒక చిన్న వంపు. దారం చివర ఒక జారుముడి వేసి సూదికి తగిలిస్తారు. సూది వంపుతో దారాన్ని అందుకొని ఆ ఉచ్చులోనుండి ఇవతలికి లాగితే మరొక ఉచ్చు ఏర్పడుతుంది. దానిలోనుండి ఇంకొకటి. గొలుసు అంటే ఇంతే. ఇక మిగిలిన కుట్లన్నీ ఈ ఒక్క క్రియకు విస్తరణలే. దారాన్ని లాగే ముందు సూదికి ఎన్ని చుట్లు చుట్టాలి, ఏ కన్నులో సూది గుచ్చాలి, ఎన్ని ఉచ్చులను ఒకేసారి దాటించాలి అనే భేదాలతోనే వలలు, పూలు, ఆకులు, నెమళ్లు పుట్టుకొస్తాయి. మరీ చిన్నపిల్లలకైతే సూది కూడ అక్కరలేదు, చూపుడు వేలే కొక్కెం.

స్వెటర్లు అల్లే పద్ధతి వేరు. అందులో రెండు సూదులు ఉంటాయి, ఒక వరుసలోని ఉచ్చులన్నీ సూది మీద బతికే ఉంటాయి. సూది జారితే పదులకొద్ది ఉచ్చులు ఒక్కసారిగా విడిపోయే ప్రమాదం ఉంది. క్రోషెలో సాధారణంగా ఒక సమయంలో బతికి ఉండే ఉచ్చు ఒక్కటే. మరో భేదం కూడ చెప్పుకోదగినది. రెండు సూదుల అల్లికకు ఇంగ్లండులో విలియం లీ 1589లోనే యంత్రం కనిపెట్టాడు. క్రోషెను అనుకరించే యంత్రపు లేసులు బజారులో ఉన్నాయి. అసలు క్రోషె కుట్టును చేసే యంత్రాలు మాత్రం ఇప్పటికీ ప్రయోగశాలల గడప దాటి కర్మాగారాలలోకి రాలేదు. అందువల్ల క్రోషె అల్లిక ఏ దుకాణంలో కనిపించినా దాని వెనుక ఒక మనిషి చేయి ఉన్నదని భావించవచ్చు. ఈ మాట గుర్తుంచుకోండి, తరువాత దీనితో పని ఉంది.

ఇక్కడ పదాల గురించి ఒక చిన్న ముచ్చట. 'నూలు' మన మాట. 'ఊలు' ఇంగ్లీషు నుండి వచ్చి, నూలుకు ప్రాస కలిసి, మన ఇంటి మాటే అన్నట్లు స్థిరపడిపోయింది. ఉన్నికి సంస్కృతంలో ఊర్ణ అని పేరు. బొడ్డులో ఉన్ని గలది అనే భావంతో సాలెపురుగును ఊర్ణనాభం అన్నారు. తెలుగువారు దానిని నేతగాడితో పోల్చి సాలెపురుగు అన్నారు. ఈ విషయం చెప్పగానే మా చిన్నారి గోడ మూలకు పరుగెత్తి, సాలీడును కాసేపు పరిశీలించి, "దీనికి సూది లేదు తాతయ్యా, నాకంటే గొప్పది" అని తీర్పు చెప్పింది.

పసివారికి ఈ అల్లిక అంత ఇష్టం కావడానికి కారణమేమిటి? రంగులు ఒక కారణం, మెత్తదనం ఒక కారణం. నాకు తోచిన ముఖ్య కారణం మాత్రం విప్పడం. తప్పు జరిగిందని తెలియగానే సూది తీసివేసి దారపు కొస పట్టుకొని లాగితే చాలు, తప్పు చేసిన చోటు వరకు సర్రున విడిపోతుంది. దారం తెగదు, దానికి మచ్చ పడదు. మళ్లీ మొదలు పెట్టవచ్చు. నోటు పుస్తకంలో తప్పు రాస్తే ఎర్రసిరా గీత సంవత్సరం పొడుగునా నిలిచి ఉంటుంది. ఎన్నో వేల జవాబుపత్రాలు దిద్దిన చేయి నాది, కనుక ఈ మాట కొంచెం సిగ్గుతోనే అంటున్నాను. తప్పుకు శిక్ష లేని పనిలో పిల్లలు చూపే సాహసం చూస్తే మన తరగతి గదులు వారినెంత పిరికివారిని చేస్తున్నాయో అర్థమవుతుంది. మా చిన్నారి ఒక పువ్వును పదకొండుసార్లు విప్పింది. విప్పేటప్పుడు కూడ నవ్వింది!

ఆ పువ్వులో గణితం దాగి ఉంది. పొట్టికుట్టుతో గుండ్రని బిళ్ల అల్లాలంటే మొదటి వలయంలో ఆరు కుట్లు వేస్తారు. రెండవ వలయంలో పన్నెండు, మూడవదానిలో పద్దెనిమిది, తరువాత ఇరవైనాలుగు. ఇలా వలయానికి ఆరేసి చొప్పున పెంచుతూ పోతే బిళ్ల నేలమీద పరిచినట్లు చదునుగా వస్తుంది. పెంచడం మానేస్తే అంచులు పైకి లేచి గిన్నె అవుతుంది, బోర్లిస్తే బొమ్మకు టోపీ అవుతుంది. ఆరుకు మించి పెంచుకొంటూ పోతే అంచులో చోటు చాలక మడతలు పడి, కోడిజుట్టు పువ్వులా కుచ్చులు వస్తాయి. ఆరవ ఎక్కాన్ని వల్లించడానికి ఏడ్చిన పిల్ల, ఒక కుట్టు తగ్గితే బిళ్ల ఎందుకు వంగుతోందో తెలుసుకోవడానికి అదే ఎక్కాన్ని తనంత తానుగా లెక్కపెట్టుకోవడం కళ్లారా చూశాను.

ఈ కుచ్చుల అల్లిక పిల్లల ఆటతోనే ఆగిపోలేదు. ఒక సరళరేఖకు బయట ఉన్న బిందువు గుండా ఆ రేఖకు ఒకే సమాంతర రేఖ గీయగలమని మనం బడిలో చదువుకొంటాం. అటువంటి రేఖలు అనేకం గీయగలిగే తలం కూడ ఉండవచ్చునని 19వ శతాబ్దిలో బోయాయ్, లొబచేవ్‌స్కీ అనే గణితవేత్తలు ప్రతిపాదించారు. దానికి అతిపరవలయ తలం అని పేరు. అయితే దానిని చేతితో తాకి చూడగల నమూనా చేయడం కష్టమైంది. కాగితాలు అతికించి చేసిన నమూనాలు ఇట్టే చిరిగిపోయేవి. 1997లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో డైనా టైమినా అనే లాత్వియా దేశీయురాలు ఊలు, క్రోషె సూది తీసుకొని, ప్రతి వరుసలోను కుట్లను ఒకే నిష్పత్తిలో పెంచుకొంటూ పోయి ఆ తలాన్ని అల్లి చూపింది. మడిచినా నలిపినా చెడని నమూనా అది. సముద్రంలోని కొన్ని పగడపు జీవులు ఇదే ఆకారంలో పెరుగుతాయి. 2005లో మార్గరెట్, క్రిస్టీన్ వెర్థీమ్ అనే అక్కచెల్లెళ్లు ఈ పద్ధతిలో ఊలుతో పగడపు దిబ్బను అల్లడం ప్రారంభించగా, అనేక దేశాలలో వేలాదిమంది వారితో చేతులు కలిపారు. బొమ్మ టోపీ కుచ్చులు తిరిగిందని విచారించే పసివారికి ఈ కథ తప్పక చెప్పాలి.

చేతిపనికి చదువులో స్థానం ఉండాలన్న ఆలోచన పాతదే. కిండర్‌గార్టెన్ పద్ధతికి ఆద్యుడైన ఫ్రోబెల్ పసిపిల్లల చేతికి ఇవ్వదలచిన మొట్టమొదటి ఆటవస్తువు రంగురంగుల ఊలు బంతి. 1919లో జర్మనీలోని స్టట్‌గార్ట్‌లో స్టైనర్ ప్రారంభించిన వాల్డార్ఫ్ పాఠశాలలలో మగపిల్లలకు, ఆడపిల్లలకు భేదం లేకుండ అల్లిక నేర్పుతారు. మన దేశంలో 1937 నాటి వార్ధా విద్యా మహాసభ తరువాత గాంధీజీ ఆలోచన ప్రకారం తకిలీ మీద నూలు వడకడం బడికి చేరింది. తరువాత ఏమైందో అందరికీ తెలుసు. మొదట తకిలీ అటకెక్కింది, ఆ వెనుక 'చేతిపనులు' అనే పిరియడు లెక్కల మాస్టారికి దఖలు పడింది.

ఇంతవరకు చెప్పినదంతా ఆనందం గురించి. దీనికి మరో ముఖం ఉంది. అది నేను పుట్టిన ప్రాంతానిదే.

పశ్చిమ గోదావరి జిల్లాలో, వశిష్ఠ గోదావరి ఒడ్డున నరసాపురం ఉంది. ఆ పట్టణం చుట్టుపక్కల, పాలకొల్లు, మొగల్తూరు దాకా ఉన్న గ్రామాలలో లేసు అల్లిక తరతరాలుగా స్త్రీల జీవనోపాధి. 19వ శతాబ్దిలో క్రైస్తవ మిషనరీల ద్వారా ఈ విద్య అక్కడకు చేరింది. ఐర్లండులో 1845లో మొదలైన మహాక్షామంలో ఎన్నో కుటుంబాలకు గంజి పోసినది కూడ ఈ సూదే. నరసాపురం లేసు బల్లగుడ్డలుగా, దుప్పట్లుగా, దిండు గలీబులుగా అమెరికా, ఐరోపా దేశాలకు ఎగుమతి అవుతోంది. 2024లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడ లభించింది.

వర్తకుడు దారం పంపుతాడు. మధ్యవర్తి దానిని ఇంటింటికీ పంచి, అల్లిన ముక్కలను తిరిగి పోగుచేస్తాడు. పువ్వులు అల్లడం చేతిపని, వాటిని కలిపి కుట్టడం అతుకుపని. ఒకరు చేసిన పువ్వు ఎక్కడ ఏ దుప్పటిలో చేరిందో అల్లినవారికి తెలియదు. 1970ల చివర ఆ ప్రాంతంలో పరిశోధన జరిపిన జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో ప్రచురించిన గ్రంథంలో ఒక చేదు నిజం బయటపెట్టింది. వ్యవసాయ కూలీ స్త్రీలకు చట్టం నిర్ణయించిన కనీస వేతనం కన్న ఎంతో తక్కువగా వీరి సంపాదన ఉండేది. ఇంటి గడప దాటరు కనుక వీరిని ఎవరూ కార్మికులుగా లెక్కించలేదు. ఇంట్లో ఊరికే కూర్చున్న గృహిణులు తీరిక వేళ చేసుకొనే పనిగా దానిని భావించారు.

ఆ 'ఊరికే కూర్చోవడం' ఎటువంటిదో నేను ఎరుగుదును. మా మేనత్త అరుగు మీద స్తంభానికి ఆనుకొని కూర్చొని, వెలుతురు తగ్గేకొద్దీ దారాన్ని కంటికి దగ్గరగా తెచ్చుకొంటూ అల్లేది. సూది చూపుడు వేలికి చేసిన గుంట నాకు ఇప్పటికీ కనబడుతుంది. నాకు ఏడెనిమిదేళ్ల వయస్సులో ఆ సూది మీద ఎంతో మోజు ఉండేది. ఒకనాడు తీసుకొని కూర్చొంటే ఇంటి పెద్ద ఒకరు, "ఆడంగి పనులు నీకెందుకురా" అని లాగేసుకొన్నారు. అంతటితో నా అల్లిక ముగిసింది. మా తరగతిలో నాకంటే బాగా లెక్కలు చేసే ఒక అమ్మాయి విషయంలో జరిగినది దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఐదవ తరగతి కాగానే బడి మాన్పించి ఆమె చేతికి అదే సూది ఇచ్చారు. నాకు నిషేధమైనది ఆమెకు విధి అయింది. ఇద్దరిలో ఎవరినీ ఇష్టమేమిటని అడిగినవారు లేరు.

అందువల్ల మా చిన్నారి గొలుసును చూసినప్పుడల్లా నా సంతోషంలో ఒక ముల్లు గుచ్చుకొంటుంది. సూది అదే, కుట్టు అదే. ఒక పిల్ల విసుగు పుడితే ఊలు ఉండను మంచం కిందికి దొర్లించి ఆడుకోవడానికి పోగలదు, మరొక పిల్ల పోలేదు. బాలకార్మిక నిషేధ చట్టాన్ని 2016లో సవరించి, పద్నాలుగేళ్లలోపు పిల్లలను ఏ పనిలోను నియమించరాదని నిర్దేశించారు. అయితే బడివేళల తరువాత, సెలవులలో, ప్రమాదం లేని కుటుంబ వృత్తిలో సాయపడవచ్చునని మినహాయింపు ఇచ్చారు. సాయం ఎక్కడ ముగుస్తుందో, చాకిరీ ఎక్కడ మొదలవుతుందో కొలవడం చట్టానికి కూడ కష్టమే. నా దృష్టిలో దానికి ఒక గుర్తు ఉంది. అల్లినదానిని తన ఇష్టం వచ్చినప్పుడు విప్పేసే స్వేచ్ఛ ఆ పిల్లకు ఉన్నదా? అప్పగించిన దారానికి లెక్క చెప్పవలసినవారికి ఆ స్వేచ్ఛ ఉండదు.

ఇంట్లో పిల్లలకు ఈ విద్య నేర్పదలచినవారికి రెండు మాటలు. నరసాపురం లేసుకు వాడే సన్నని తెల్లదారం పసికళ్లకు తగదు. లేతరంగు గల లావుపాటి ఊలు, ఐదు మిల్లీమీటర్ల సూది మేలు. ముదురు రంగు దారంలో కన్నులు కనిపించవు. ఎడమచేతి వాటం పిల్లలను కుడిచేతికి మార్చవద్దు. వారికి ఎదురుగా కూర్చొని నేర్పితే అద్దంలో చూసినట్లు తేలికగా పట్టుకొంటారు. మగపిల్లవాడు అడిగితే అతనికీ ఒక సూది ఇవ్వండి.

సెలవులు ముగిసే ముందు నేను కూడ మా చిన్నారికి శిష్యుణ్ణయ్యాను. యాభై ఏళ్లనాడు చేజారిన సూదిని అందుకొని ఆరు, పన్నెండు, పద్దెనిమిది అని లెక్కపెడుతూ బిళ్ల మొదలుపెట్టాను. ఎక్కడ పొరపాటు జరిగిందో గాని ఐదవ వలయం నుండి అంచులు పైకి లేచాయి. పిల్ల దానిని తీసుకొని అటూ ఇటూ తిప్పి చూసింది.

"టోపీ అయింది తాతయ్యా. విప్పెయ్" అన్నది.