ఊరికి పొగరా, మనిషికి తొందరా?

మిరప చేలు ఎర్రబడే రోజులొస్తే దక్షిణ బస్తర్‌లో కదలిక మొదలవుతుంది. బీజాపూర్ జిల్లా ఉసూర్ బ్లాకులోని ఆవపల్లి వైపు పల్లెల నుంచి కూలీలు మూటలు సర్దుకుని తెలంగాణ బాట పడతారు. భోపాల్‌పట్నం దగ్గర మొదలయ్యే 163వ నంబరు జాతీయ రహదారి ఏటూరునాగారం, ములుగు మీదుగా వాళ్లను హనుమకొండ దాకా తీసుకొస్తుంది. వాళ్లు ఏరిన కాయ లారీల్లో ఎనుమాముల మార్కెట్‌కు చేరుతుంది. జబ్బు ముదిరితే అదే రోడ్డు మీద వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి పరుగు. ఆవపల్లి మనిషికి వరంగల్ అంటే బస్టాండు, మార్కెట్ గేటు, ఓపీ చీటీ ఇచ్చే కిటికీ.

అదే ఊరికి ఇంకో ఇద్దరు వచ్చారనుకుందాం. ఒకరు గుంటూరు నుంచి నిట్‌లో చేరడానికి వచ్చిన అమ్మాయి. ఇంకొకరు పుణె నుంచి బదిలీ మీద వచ్చిన బ్యాంకు ఉద్యోగి. ఏడాది గడిచాక ముగ్గురినీ "వరంగల్ వాళ్లు ఎలాంటివాళ్లు?" అని అడిగి చూడండి. ఒకరు పొగరు అంటారు, ఒకరు కలుపుగోలు మనుషులు అంటారు. మూడో మనిషి కాసేపు ఆలోచించి, తనను ఎవరూ పలకరించలేదు కాబట్టి చెప్పడానికేమీ లేదంటాడు.

ప్రశ్న రచ్చబండ మీదిదే. అయినా మానసిక శాస్త్రవేత్తలు దీన్ని అరవై ఏళ్లుగా వీధుల్లోకి తీసుకెళ్లి కొలుస్తున్నారు. వేగం ఎంత అని అడిగితే "దేనితో పోల్చి?" అని ఎదురు ప్రశ్న వేయడం భౌతికశాస్త్రం చదివినవాళ్ల జబ్బు. ఈ విషయంలో మాత్రం ఆ జబ్బు పనికొస్తుంది. ఒక ఊరికి స్నేహశీలత ఎంత అంటే, ఎవరి పట్ల, ఏ వేళలో అని అడగకుండా అంకె చెప్పలేం.

పెన్ను పడేసి చూశారు

అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ లెవీన్ బృందం 23 దేశాల్లోని ఒక్కో పెద్ద నగరంలో మూడు చిన్న పరీక్షలు పెట్టింది. నడుస్తూ నడుస్తూ పెన్ను జారవిడవడం మొదటిది. కాలికి కట్టుతో కుంటుతూ పత్రికల కట్ట కింద పడేయడం రెండోది. నల్ల కళ్లద్దాలు, తెల్ల కర్రతో రోడ్డు దాటడానికి నిలబడటం మూడోది. ఎంతమంది సాయానికి వచ్చారో లెక్కపెట్టారు. 2001లో వచ్చిన ఫలితాల్లో రియో డి జనీరో 93 శాతంతో మొదట నిలిచింది. మన కోల్‌కతా 83 శాతంతో నాలుగో స్థానం. న్యూయార్క్ 45, అట్టడుగున కౌలాలంపూర్ 40. మొత్తమ్మీద ఆర్థికంగా వెనుకబడిన దేశాల నగరాల్లోనే సాయం ఎక్కువ కనిపించింది.

అంతకు ముందు, 1994లో, ఇదే బృందం 36 అమెరికా నగరాలను కొలిచింది. చిన్నవి, మధ్యస్థాయివి, పెద్దవి అన్నీ ఉన్నాయి అందులో. ఊరి జనాభా ఎంత అన్నదానికంటే ఒక చదరపు మైలులో ఎంతమంది కిక్కిరిసి ఉన్నారన్నదే ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయించింది. జనసాంద్రత పెరిగేకొద్దీ సాయం తగ్గింది. దీనికి స్టాన్లీ మిల్‌గ్రామ్ 1970లోనే ఒక వివరణ ఇచ్చారు. నగరంలో కంటికీ చెవికీ అందే సమాచారం మనసు మోయగలిగినదాన్ని మించిపోతుంది. అప్పుడు మనసు కొన్ని తలుపులు మూసేస్తుంది, అపరిచితులు ముందుగా ఆ తలుపు బయటే ఉండిపోతారు. సాయంత్రం ఆరింటికి హనుమకొండ చౌరస్తాలో నిలబడితే ఈ సిద్ధాంతానికి వేరే ఉదాహరణ అక్కర్లేదు.

తెలంగాణలో హైదరాబాద్ తర్వాత పెద్ద నగరం వరంగల్. వరంగల్, హనుమకొండ, కాజీపేట కలిసిపోయిన మూడూళ్ల నగరం. దేశంలో మొదటి ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాలకు 1959లో ఇక్కడే పునాది రాయి పడింది, ఇప్పటి నిట్ అదే. కాకతీయ వైద్య కళాశాలదీ 1959వ సంవత్సరమే. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం వచ్చింది. అంటే ఏటా వేలమంది కొత్త ముఖాలు వచ్చి, నాలుగేళ్లుండి వెళ్లిపోయే ఊరు. పైగా, ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు పరీక్షకో ఇంటర్వ్యూకో ఆలస్యమవుతున్న ఊరు.

ఆలస్యం మాట ఎందుకంటే, ఈ రంగంలో నాకు అన్నిటికంటే నచ్చిన ప్రయోగం దాని గురించే. 1973లో జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ ఇంకో కాలేజీ ఊరు ప్రిన్స్‌టన్‌లో మతవిద్య చదివే విద్యార్థులను ఎంచుకున్నారు. పక్క భవనానికి వెళ్లి చిన్న ప్రసంగం చేయమన్నారు. సగం మందికి ఇచ్చిన అంశం దారిన పోయే అపరిచితుణ్ణి ఆదుకున్న మంచి సమరయుడి కథ. దారిలో ఒక మనిషి గుమ్మంలో కూలబడి దగ్గుతూ, మూలుగుతూ ఉండేలా ఏర్పాటు చేశారు. తీరిక ఉందని చెప్పి పంపినవాళ్లలో 63 శాతం ఆగి సాయం చేశారు. ఇప్పటికే ఆలస్యమైందని తరిమినవాళ్లలో ఆగింది 10 శాతమే. చెప్పబోయే ప్రసంగం ఏ అంశం మీదన్నది పెద్ద తేడా తేలేదు. సాయం చేసే మనిషి కథ చెప్పడానికి పరుగెడుతూ సాయం కావలసిన మనిషిని దాటుకుని పోయారు! వాళ్లను పొగరుబోతులనగలమా? అప్పుడు ఆ వీధిలో పడి ఉన్న మనిషిని అడిగితే మాత్రం అనే అంటాడు.

'అండీ' లేని ఊరు

గుంటూరు అమ్మాయి దగ్గరికి వద్దాం. మొదటి వారం ఆమెకు తగిలే దెబ్బ బహుశా కిరాణా కొట్లో. "ఏం గావాలె నీకు?" అంటాడు కొట్టు యజమాని. కోస్తాలో కొత్తవాళ్లను 'అండీ' లేకుండా పిలిస్తే చిన్నబుచ్చినట్టే. తెలంగాణ పలుకుబడిలో 'నువ్వు' చాలాచోట్ల దగ్గరితనమే తప్ప తక్కువ చేయడం కాదు. వెనకాలే 'బిడ్డా' అన్న పిలుపు వస్తుంది, కానీ అది వినేలోపే ఆమె ముఖం మాడ్చుకుని ఉంటుంది. ఆమె 'అండీ' అటువైపు ఎలా వినిపిస్తుందో కూడా అడగాలి కదా. దూరం పెడుతున్నట్టు, కొంచెం టెక్కుగా. ఇద్దరూ మర్యాదగానే ఉన్నారు, ఇద్దరికీ ఎదుటివాళ్లదే పొగరు.

యాస ఇంత పనిచేయడం వింతేమీ కాదు. కేథరిన్ కింజ్లర్, ఎలిజబెత్ స్పెల్కీ బృందం 2007లో ప్రచురించిన ప్రయోగాల్లో ఐదేళ్ల పిల్లలు కూడా స్నేహితులుగా తమ యాసలో మాట్లాడే పిల్లలనే ఎంచుకున్నారు.

హాస్టల్లో కథ మారుతుంది. నిట్‌లో సగం సీట్లు సొంత రాష్ట్రానివి, సగం ఇతర రాష్ట్రాలవి కాబట్టి గది పక్కన ఎవరు వస్తారో చెప్పలేం. ఎవరు వచ్చినా స్నేహం ఎక్కడ పుడుతుందో మాత్రం చాలావరకు చెప్పవచ్చు. లియోన్ ఫెస్టింగర్, ఆయన సహచరులు ఎంఐటీ వివాహిత విద్యార్థుల నివాసాల్లో చేసిన అధ్యయనం 1950లో పుస్తకంగా వచ్చింది. పక్క తలుపువాళ్లలో 41 శాతం ఒకరినొకరు దగ్గరి స్నేహితులుగా చెప్పుకున్నారు. అదే వరండాకు ఆ చివర, ఈ చివర ఉన్నవాళ్లలో అది 10 శాతం. ఆ రెండు చివరల మధ్య దూరం ఒక నిమిషం నడక కూడా కాదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. 2018లో ఎరికా బూత్‌బీ బృందం కొత్తగా పరిచయమైనవాళ్లను విడివిడిగా అడిగింది: మీకు అవతలి మనిషి ఎంత నచ్చారు, మీరు అవతలి మనిషికి ఎంత నచ్చారనుకుంటున్నారు? దాదాపు ప్రతిసారీ జనం తాము నచ్చినదానికంటే తక్కువ నచ్చామనుకున్నారు. హాస్టల్లో కలిసి ఉంటున్న మొదటి సంవత్సరం విద్యార్థుల్లో ఈ అపోహ నెలల తరబడి నిలిచింది. "వాళ్లు నన్ను కలుపుకోరు" అనుకుని ఇద్దరూ ఎదురెదురు గదుల్లో తలుపేసుకుని కూర్చుంటారన్నమాట.

పొగరు ఎవరికి కనిపిస్తుంది?

ఇప్పటిదాకా చెప్పుకున్నవి సర్దుకుపోయే తగాదాలు. ఆవపల్లి కూలీ విషయం వేరు.

సూసన్ ఫిస్కీ, ఏమీ కడీ, పీటర్ గ్లిక్, జున్ షూ 2002లో ప్రతిపాదించిన నమూనా ప్రకారం మనం కొత్త గుంపును రెండు కొలతలతో చూస్తాం. వీళ్లు మన మంచి కోరేవాళ్లా? కోరినది చేయగల సత్తా ఉన్నవాళ్లా? మొదటిదాన్ని ఆప్యాయత అనుకుంటే రెండోది సామర్థ్యం. బాగా చదువుకున్నవాళ్లు, డబ్బున్నవాళ్లు సాధారణంగా 'సత్తా ఉంది, ఆప్యాయత లేదు' అన్న గడిలో పడతారు. ఆ గడికి మన వాడుక మాట పొగరు. దాన్లో కొంత అసూయ కలిసి ఉంటుంది. కాలేజీ ఊళ్లన్నిటికీ ఈ పేరు రావడానికి ఇదొక కారణం కావచ్చు.

రెండూ తక్కువ అనిపించుకునే గడి ఇంకొకటుంది. ఆ అధ్యయనాల్లో అక్కడ పడినవాళ్లు పేదలు, ఇల్లులేనివాళ్లు. 2006లో లసానా హారిస్, ఫిస్కీ కలిసి ప్రిన్స్‌టన్ విద్యార్థులకు రకరకాల మనుషుల ఫొటోలు చూపిస్తూ మెదడు స్కాన్ తీశారు. ఎదుటి మనిషి మనసు గురించి ఆలోచించేటప్పుడు చురుకయ్యే ముందుభాగం, ఈ అట్టడుగు గడివాళ్ల ఫొటోలకు అంతగా స్పందించలేదు. పాల్గొన్నవాళ్లు కొద్దిమందే, స్కాన్‌లోని వెలుగును ఆలోచనగా చదివేయడమూ ప్రమాదమే. అయినా ఆ ఫలితం కలవరపెడుతుంది. పొగరుకు కనీసం ఎదుటి మనిషి కనిపించాలి. ఈ గడిలో మనిషే కనిపించడం లేదు.

ఏటా ఇన్ని వేలమంది గోదావరి దాటి వస్తున్నారని చాలామంది నగరవాసులకు తెలిసింది 2020 లాక్‌డౌన్‌లో వాళ్లు అడవి దారుల్లో నడిచి వెళ్తున్నప్పుడే.

కలిసి ఉంటే మారుతుందా అంటే, ఎలా కలిశామన్నదాన్ని బట్టి. 2007 నుంచి ఢిల్లీలో పెద్ద ప్రైవేటు బడులు పేద పిల్లలను చేర్చుకోవలసి వచ్చింది. దాని ఫలితాలను ఆర్థికవేత్త గౌతమ్ రావు కొలిచి 2019లో ప్రచురించారు. పేద పిల్లలతో ఒకే తరగతిలో కూర్చున్న సంపన్న పిల్లలు మరింత ఉదారంగా మారారు. రిలే పరుగుకు జట్టు ఎంచుకోమంటే, వేగంగా పరుగెత్తే పేద పిల్లవాణ్ణి వదిలేయడం తగ్గింది. ఇంగ్లిష్ మార్కులు కాస్త తగ్గాయి, హిందీ, లెక్కల్లో తేడా లేదు. ఉత్తరప్రదేశ్‌లో మాట్ లోవ్ వేర్వేరు కులాల యువకులతో క్రికెట్ లీగ్ నడిపితే ఒకే జట్టులో ఆడినవాళ్ల మధ్య స్నేహాలు పెరిగాయి. ఎదురు జట్లుగా తలపడినవాళ్ల మధ్య దూరమే పెరిగింది.

మేడారం జాతరకు రెండేళ్లకోసారి వరంగల్ వాళ్లూ బస్తర్ వాళ్లూ జంపన్న వాగులో పక్కపక్కనే మునుగుతారు. అక్కడ నగరమే అడవికి అతిథి. కానీ ఎంజీఎం ఓపీ వరుసలో వాళ్లు ఒకే జట్టు కాదు, ఒకే టోకెన్ కోసం పోటీదారులు. మార్కెట్ గేటు దగ్గర ఒకరిది మిర్చి, ఒకరిది కూలి లెక్క.

లెవీన్ ప్రయోగాల్లో పెన్ను పడేసినవాళ్లెవరో చెప్పనేలేదు కదా. నగరాలను సమానంగా పోల్చాలని అందరూ మగవాళ్లనే, కాలేజీ వయసువాళ్లనే తీసుకున్నారు. శుభ్రమైన బట్టలు వేసుకుని ఉండాలన్నది షరతు. కోల్‌కతా 83 శాతం సాయం చేసింది అలాంటి కుర్రవాడికి. వరంగల్‌కు అంకె కావాలంటే ఒక పరీక్ష నిట్ గేటు ముందు, ఇంకోటి ఎంజీఎం గేటు ముందు పెట్టాలి. ఆ రెండోచోట చేజార్చే మనిషి గోండి యాసలో తెలుగు మాట్లాడే మిరప కూలీ అయి ఉండాలి. పడేది పెన్ను కాకపోయినా ఫర్వాలేదు, ఓపీ చీటీ అయినా చాలు.