పారిస్ చేరినవాడు, పతకం వదలనివాడు

పాతికేళ్లకే లోకం నెత్తిన పెట్టుకున్న వైమానికుడు చార్లెస్ లిండ్‌బర్గ్. నాజీ జర్మనీని చూసి మురిసిపోయిందీ అతనే.

1927 మే 20 ఉదయం. న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండ్‌లోని రూజ్‌వెల్ట్ ఫీల్డ్ వానకు తడిసి బురదబురదగా ఉంది. 450 గ్యాలన్ల పెట్రోలు మోస్తూ ఒంటి ఇంజిన్ విమానం ఒకటి ఆ బురదలోనే పరుగెత్తి, చివరన ఉన్న టెలిఫోన్ తీగలను తప్పించుకుని పైకి లేచింది. లోపల ఉన్నది ఒక్కడే.

ఆగకుండా అట్లాంటిక్ దాటిన మొదటివాడు లిండ్‌బర్గ్ కాదు. 1919లోనే ఆల్‌కాక్, బ్రౌన్ అనే ఇద్దరు న్యూఫౌండ్‌లాండ్ నుంచి ఐర్లండ్‌కు ఎగిరారు. కానీ న్యూయార్క్, పారిస్‌ల మధ్య ఆగకుండా ఎగిరినవారికి ప్రకటించిన 25,000 డాలర్ల ఆర్టీగ్ బహుమతి అప్పటిదాకా ఎవరికీ దక్కలేదు. ఆ ప్రయత్నంలో కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. ఫ్రెంచి వీరులు నంజెసర్, కోలీ అదే నెలలో పారిస్ నుంచి బయల్దేరి ఆచూకీ లేకుండా పోయారు. పోటీదారుల్లో పలువురు పెద్ద విమానాలను, ఎక్కువమంది సిబ్బందిని నమ్ముకున్నారు. తపాలా విమానాలు నడిపే ఈ కుర్రాడు మాత్రం బరువు తగ్గించడాన్ని నమ్ముకున్నాడు. రేడియో వద్దన్నాడు, పారాచూట్ వద్దన్నాడు. మ్యాపుల్లో అక్కర్లేని భాగాలను కత్తిరించేశాడు. ముందు అద్దం ఉండాల్సిన చోట పెట్రోలు ట్యాంకు పెట్టించి, ఎదురుగా ఏముందో చూడ్డానికి పెరిస్కోపు అమర్చుకున్నాడు. తిండికి ఐదు శాండ్‌విచ్‌లు. ముప్పై మూడున్నర గంటల తర్వాత పారిస్ శివారు లెబుర్జేలో దిగేసరికి లక్షమందికి పైగా జనం ఎదురొచ్చారు.

ఆ జనం తర్వాత అతన్ని వదల్లేదు. 1932 మార్చి 1 రాత్రి న్యూజెర్సీలోని ఇంటినుంచి 20 నెలల కొడుకును దుండగులు ఎత్తుకుపోయారు. మే నెలలో శవం దొరికింది. విచారణను పత్రికలు తిరునాళ్లలా నడిపాయి. 1935 చివర్లో భార్య ఆన్‌తో, రెండో కొడుకుతో దేశం వదిలి ఇంగ్లండ్ చేరాడు. ఆ దుఃఖాన్ని తక్కువ చేయడానికి నాకు మనసొప్పదు. కానీ ఆ తర్వాత అతను అన్నవాటికీ చేసినవాటికీ దాన్ని సాకుగా చూపడం న్యాయం కాదు.

1936లో బెర్లిన్‌లోని అమెరికా సైనిక ప్రతినిధి అతన్ని జర్మనీకి రప్పించాడు. అక్కడి విమానదళాన్ని చూసి చెప్పాలని కోరాడు. విమానాలు, కర్మాగారాలు, క్రమశిక్షణ అన్నీ అతనికి నచ్చాయి. 1937లో కలకత్తా వచ్చి రామకృష్ణ పరమహంస శతజయంతి సర్వమత సభకు హాజరైన మనిషే అదే ఏడాది మళ్లీ జర్మనీ వెళ్లాడు. 1938 సెప్టెంబరులో లండన్‌లోని అమెరికా రాయబారికి జర్మన్ వైమానిక బలాన్ని ఉన్నదానికంటే చాలా ఎక్కువ చేసి రాశాడు. అక్టోబరులో జర్మన్ వైమానికదళాధిపతి గోరింగ్ చేతులమీదుగా జర్మన్ ఈగిల్ పతకం అందుకున్నాడు. మూడు వారాలకు జర్మనీలో యూదుల దుకాణాలు, ప్రార్థనామందిరాలు మంటల్లో కాలాయి. దాంతో బెర్లిన్‌లో కాపురం పెట్టాలన్న ఆలోచన మానుకున్నాడు గానీ పతకం మాత్రం తిరిగివ్వలేదు. యూదుల ‘సమస్య’ ఒకటుందని డైరీలో ఒప్పుకుంటూనే, దాన్ని ఇంత మోటుగా తేల్చడమెందుకని ఆశ్చర్యపోయాడు. పతకం కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఆ వాక్యమే.

నా దృష్టిలో ఇక్కడ ఇద్దరు లిండ్‌బర్గ్‌లు లేరు. గ్యాలన్లు, మైళ్లు, బరువు లెక్కగట్టి, తన లెక్కను తప్ప ఇంకెవరినీ నమ్మక పారిస్ చేరినవాడే జర్మనీలోనూ విమానాలను లెక్కబెట్టాడు. ఆ లెక్కలోకి రాని మనుషులు అతని కంటికి ఆనలేదు.

అమెరికా తిరిగొచ్చాక, 1941 సెప్టెంబరు 11న అయోవా రాష్ట్రం డెమాయిన్‌లో, రెండో ప్రపంచయుద్ధంలోకి దేశం దిగొద్దనే అమెరికా ఫస్ట్ కమిటీ వేదికెక్కి మాట్లాడాడు. దేశాన్ని యుద్ధంలోకి తోస్తున్నది బ్రిటిషర్లు, యూదులు, అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ప్రభుత్వం అన్నాడు. సినిమా, పత్రికలు, రేడియోలమీద యూదుల పట్టు దేశానికి ప్రమాదమన్నాడు. యుద్ధాన్ని వ్యతిరేకించడం తప్పేమీ కాదు, కాంగ్రెస్ సభ్యుడైన అతని తండ్రీ మొదటి ప్రపంచయుద్ధాన్ని వ్యతిరేకించాడు. అయితే ఐరోపాలో ఊచకోతకు గురవుతున్న ప్రజలనే అమెరికాలో దోషులుగా నిలబెట్టడం వేరే సంగతి. అతన్ని ఆకాశానికెత్తిన పత్రికలే మర్నాడు దుమ్మెత్తిపోశాయి.

పెర్ల్ హార్బర్‌పై జపాన్ దాడి తర్వాత సైన్యంలో చేరతానంటే రూజ్‌వెల్ట్ ఒప్పుకోలేదు. 1944లో పౌరుడిగానే పసిఫిక్ వెళ్లి 50 దాకా యుద్ధ విమానయాత్రలు చేశాడు. పెట్రోలు పొదుపుగా వాడి పీ-38 విమానాలను ఇంకా దూరం నడపడం కుర్ర పైలట్లకు నేర్పాడు. ఇక్కడా ఆ పాత లెక్కలే పనికొచ్చాయి. తర్వాత తిమింగలాలకోసం, అడవులకోసం గట్టిగా పనిచేశాడు. ముగ్గురు జర్మన్ స్త్రీలతో రహస్యంగా ఏడుగురు పిల్లల్ని కన్న సంగతి మాత్రం అతను పోయిన దాదాపు 30 ఏళ్లకు బయటపడింది.

1945 జూన్‌లో జర్మనీలోని డోరా నిర్బంధ శిబిరాన్ని కళ్లారా చూశాడు. శవాలు కాల్చిన కొలిమి ముందు నిలబడ్డాడు. పసిఫిక్‌లో జపాన్ సైనికులపట్ల అమెరికన్లు చేసిన క్రూరత్వంతో దాన్ని పోల్చి డైరీలో రాసుకున్నాడు. ఆ డైరీలు 1970లో పుస్తకంగా వచ్చాయి. డెమాయిన్‌లో అన్న మాటలను వెనక్కి తీసుకోవడానికి 1974 ఆగస్టులో హవాయిలో కన్నుమూసేదాకా అతనికి 33 ఏళ్ల వ్యవధి దొరికింది. ఒక్క మాటా తీసుకోలేదు.