పనిని బట్టి పెట్టె: ఇంటి ఆఫీసుకు తగిన చిన్న కంప్యూటర్

65వ నంబరు జాతీయ రహదారి మీద రామచంద్రాపురం నుంచి పటాన్‌చెరు, ఇస్నాపూర్, రుద్రారం, కంది మీదుగా సంగారెడ్డి వరకు సాగే పారిశ్రామిక ప్రాంతంలో యంత్రాలు కార్ఖానాల్లో తిరుగుతున్నా, వాటి లెక్కల్లో చెప్పుకోదగ్గ భాగం ఇళ్లలోనే తేలుతుంది. 1960లలో బీహెచ్‌ఈఎల్ రామచంద్రాపురంలో స్థిరపడిన తర్వాత దాని చుట్టూ పెరిగిన చిన్న వర్క్‌షాపులకు, పాశమైలారం, బొల్లారం షెడ్లలో జాబ్‌వర్క్ చేసే యూనిట్లకు, కూలీలను సమకూర్చే లేబర్ కాంట్రాక్టర్లకు, లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులకు పూర్తికాలపు అకౌంటెంటును పెట్టుకునే స్తోమత తరచుగా ఉండదు. బీరంగూడలోనో, అమీన్‌పూర్‌లోనో, సంగారెడ్డిలోనో ఒక గదిలో కూర్చుని నాలుగైదు సంస్థల పుస్తకాలు రాసేవారే వాటికి ఆధారం. నెలనెలా 11వ తేదీకి జీఎస్‌టీఆర్-1, 15కు పీఎఫ్, ఈఎస్‌ఐ చెల్లింపులు, 20కి జీఎస్‌టీఆర్-3బీ దాఖలు కావాల్సిన ఈ పనిలో కంప్యూటర్ ఒక్క పూట మొరాయించినా ఆలస్య రుసుము పడేది మరొకరి మీద. అందువల్ల తక్కువ ఖర్చులో మంచి యంత్రాన్ని ఎంచుకోవడమనేది ఇక్కడ చాలా కుటుంబాల జీవనాధారానికి సంబంధించిన విషయం.

ఇంట్లో స్థలం తక్కువ కనుక బల్ల కింద నిలబడే పాత తరహా సీపీయూ డబ్బాకు బదులు మినీ పీసీ అనే చిన్న పెట్టె వైపు చూపు మళ్లుతోంది. అరచేతికి కాస్త పెద్దదిగా, మూడున్నర సెంటీమీటర్ల మందంతో, సుమారు ఒక లీటరు ఘనపరిమాణంలో ఉండే ఈ పెట్టెలో మామూలు కంప్యూటర్‌లోని భాగాలన్నీ ఉంటాయి. కరెంటును మార్చే సరఫరా భాగం మాత్రం ల్యాప్‌టాప్‌కు ఉన్నట్టే బయట అడాప్టర్ రూపంలో ఉంటుంది. లెనోవో సంస్థ థింక్‌సెంటర్ టైనీ పేరుతో 2012లో ఇటువంటి యంత్రాన్ని తెచ్చింది. ఇంటెల్ ఎన్‌యూసీ కూడా దాదాపు అదే కాలానిది. 2023లో ఇంటెల్ ఆ వ్యాపారం నుంచి తప్పుకోగా ఆసుస్ దాన్ని అందుకుంది. హెచ్‌పీ మినీ, డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో కూడా ఈ కోవలోనివే. బ్యాంకులు, కాల్ సెంటర్లు, సాఫ్ట్‌వేర్ కంపెనీలు వేలకు వేలుగా కొన్న రకాలు ఇవి.

కొనుగోలుకు ముందు ప్రాసెసర్ పేరు కంటే, అందులో నడవాల్సిన సాఫ్ట్‌వేర్ ఏదన్న ప్రశ్న తేలాలి. లెక్కలు రాయడానికి వాడే ట్యాలీ విండోస్ మీద నడిచే సాఫ్ట్‌వేర్. పెళ్లి పత్రికలు, కరపత్రాలు కంపోజ్ చేసే డీటీపీ పనివారు ఏళ్ల తరబడి వాడుతున్న అను ఫాంట్లు కూడా విండోస్‌నే కోరుతాయి. కంపెనీలు, ఎల్‌ఎల్‌పీలు జీఎస్‌టీ రిటర్నుల మీద డిజిటల్ సంతకం చేయాలి. ఆ సంతకం ఒక చిన్న యూఎస్‌బీ టోకెన్‌లో ఉంటుంది, దాన్ని గుర్తించే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ విండోస్‌లో కుదిరినంత తేలిగ్గా లినక్స్‌లో కుదరదు. కాబట్టి రాస్ప్‌బెర్రీ పై వంటి చవకైన బోర్డు కంప్యూటర్లు, ఉచిత లినక్స్ ఎంత మెచ్చదగినవైనా ఈ ప్రాంతపు లెక్కల పనికి సరిపడవు. బ్రౌజర్, ఈమెయిల్, పిల్లల ఆన్‌లైన్ పాఠాలు, యూనికోడ్ తెలుగులో రాతపని వరకే అయితే లినక్స్ నిశ్చింతగా వాడుకోవచ్చు. పోతన, లోహిత్, నోటో వంటి తెలుగు ఫాంట్లు అందులోనూ చక్కగా కనిపిస్తాయి.

విండోస్ తప్పదన్నప్పుడు ఎంపిక మొత్తాన్నీ నిర్ణయించే గీత ఒకటి ఎదురవుతుంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మద్దతు ముగియడమంటే యంత్రం ఆగిపోవడం కాదు, కొత్తగా బయటపడే భద్రతా లోపాలకు మరమ్మతులు అందకపోవడం. ఇతరుల పాన్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, కూలీల ఆధార్ వివరాలు దాచుకునే కంప్యూటర్‌కు ఇది సహించదగిన స్థితి కాదు. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ప్రాసెసర్ కొద్ది మినహాయింపులతో ఇంటెల్ ఎనిమిదో తరానిదో ఆ తర్వాతదో అయి ఉండాలి. తరం తెలుసుకోవడం కష్టం కాదు: కోర్ ఐ5-6500టీ అన్నప్పుడు హైఫన్ తర్వాతి మొదటి అంకె 6 కనుక అది ఆరో తరం, ఐ5-8500టీ అయితే ఎనిమిదో తరం. 2018లో వచ్చిన ఈ 8500టీలో ఆరు కోర్లు, అంటే ఏకకాలంలో పని పంచుకునే ఆరు లెక్కింపు విభాగాలు ఉన్నాయి. చివరి ‘టీ’ అక్షరం 35 వాట్ల పరిమితితో చిన్న పెట్టెలకు తగినట్టు రూపొందిన రకమని తెలుపుతుంది.

బయట నుంచి చూస్తే ఆరో తరం పెట్టెకూ ఎనిమిదో తరం పెట్టెకూ తేడా దాదాపు కనిపించదు కనుక మోడల్ పేర్లు గుర్తుంచుకోవడం మేలు. లెనోవోలో ఎం710క్యూ ఆ ఎనిమిదో తరం గీతకు ఇవతలే ఆగిపోతుంది, ఎం720క్యూ, ఎం920క్యూ దాటుతాయి. డెల్‌లో 3050, 7050 వద్దు, 3060, 5060, 7060 పనికొస్తాయి. హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ 800లో జీ3 పాతది, జీ4 నుంచి సరిపోతుంది. ఏదో ఒక ఉపాయంతో విండోస్ 11 ఎక్కించిన ఆరో తరం యంత్రాన్ని ‘లేటెస్ట్ విండోస్’ అని అమ్మడం సాధ్యమే. అటువంటి యంత్రానికి రేపటి అప్‌డేట్ మీద భరోసా ఉండదు గనుక ధర ఎంత తగ్గినా తీసుకోకపోవడమే మంచిది.

ఈ ప్రాంతపు కొనుగోలుదారుకు ఒక సౌలభ్యం ఉంది. ముత్తంగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే చేరే గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ఆఫీసులు తమ కంప్యూటర్లను కొన్నేళ్లకొకసారి మూకుమ్మడిగా మారుస్తుంటాయి. అలా బయటికి వచ్చిన యంత్రాలను శుభ్రం చేసి, పాడైన భాగాలు మార్చి తిరిగి అమ్మితే వాటిని రీఫర్బిష్డ్ అంటారు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అంటే అందరూ సీటీసీ అనే చోటు, ఇటువంటి బేరాలకు చిరకాలంగా పేరుపడింది. ఎనిమిదో తరం ఐ5, 16 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీతో, దుకాణదారు రాతపూర్వకంగా ఇచ్చే ఏడాది వారంటీతో, జీఎస్‌టీ బిల్లుతో దొరికే పాత ఆఫీసు మినీ పీసీయే లెక్కల పనికి, డీటీపీకి, టూ-డీ డ్రాయింగుల దాకా ఆటోక్యాడ్‌కు ఇవాళ తగిన చవక మార్గం. 2025 చివర్లో డేటా సెంటర్ల గిరాకీ వల్ల ప్రపంచమంతటా ర్యామ్ ధరలు పెరిగాయి గనుక, ర్యామ్ తర్వాత వేయించుకోవచ్చులే అనుకోకుండా ముందే నిండుగా ఉన్న యంత్రాన్ని తీసుకోవడం లాభసాటి.

కొత్త యంత్రమే కావాలనుకునేవారికి ఇంటెల్ ఎన్100 చిప్‌తో, దాని తర్వాతి ఎన్150తో వచ్చే చిన్న పెట్టెలు ఉన్నాయి. 2023 ఆరంభంలో వచ్చిన ఎన్100లో నాలుగు కోర్లు ఉంటాయి, దాని విద్యుత్ పరిమితి 6 వాట్లే. ట్యాలీ, ఈ-వే బిల్లులు, బ్రౌజర్‌లో పది పదిహేను ట్యాబులు, వీడియో కాల్ వరకు అది సునాయాసంగా మోస్తుంది. క్యాడ్, పెద్ద ఎక్సెల్ ఫైళ్లు, వీడియో ఎడిటింగ్ దాని శక్తికి మించినవి. పేరు తెలియని బ్రాండ్లలో ర్యామ్‌ను బోర్డుకే అతికించి, ఎస్‌ఎస్‌డీకి బదులు నిదానంగా నడిచే ఈఎంఎంసీ నిల్వను పెట్టిన పెట్టెలు ఉంటాయి కాబట్టి ఆ రెండింటినీ అడిగి తెలుసుకోవాలి. మన దేశంలో అమ్మే కంప్యూటర్లకు, అడాప్టర్లకు బీఐఎస్ నమోదు తప్పనిసరి. వాటి మీద ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే అది నిజమైనదో కాదో తేలుతుంది. 2023 ఆగస్టులో కేంద్రం ల్యాప్‌టాప్‌లతో పాటు అతి చిన్న కంప్యూటర్ల దిగుమతినీ ఆంక్షల జాబితాలో చేర్చి, ఆ తర్వాత అనుమతుల విధానంగా సడలించింది. కనుక విదేశీ వెబ్‌సైటులో కనిపించిన ధరే ఇక్కడి ధర అనుకోవడానికి వీల్లేదు.

రీఫర్బిష్డ్ యంత్రాన్ని దుకాణంలోనే తెరిపించి చూడటంలో మొహమాటం అక్కర్లేదు. టైనీ వెనక ఒకే ఒక స్క్రూ ఉంటుంది, దాన్ని విప్పితే పై మూత ముందుకు జారి వస్తుంది. లోపల ఫ్యాన్ రెక్కల అంచున దుమ్ము పేరుకుని ఉందా, వేడిని లాగే లోహపు పలకల సందులు మూసుకుపోయాయా అన్నది కంటికే కనిపిస్తుంది. రూపాయి బిళ్లలా మెరిసే బటన్ సెల్ ఒకటి బోర్డు మీద ఉంటుంది. అది అయిపోయి ఉంటే కరెంటు తీసినప్పుడల్లా తేదీ వెనక్కి పోతుంది, తేదీ తప్పితే జీఎస్‌టీ పోర్టల్ తెరుచుకోక, డిజిటల్ సంతకం చెల్లక, తప్పు ఎక్కడుందో తెలియక మనిషి సతమతమవుతాడు. కొత్త సెల్ వేయిస్తే ఆ తిప్పలన్నీ తీరతాయి. ఎస్‌ఎస్‌డీ ఎంత అరిగిందో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ శాతంలో చెబుతుంది. బయోస్‌కు, అంటే కంప్యూటర్ ఆన్ కాగానే మొదట మేలుకునే ప్రోగ్రాముకు పాత కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ మిగిలి ఉందా అన్నది తప్పక చూడాలి. విండోస్‌ను కొత్తగా ఎక్కించి ఇంటర్నెట్‌కు కలిపినప్పుడు ఏదో సంస్థ పేరు వచ్చి ఆ సంస్థ ఈమెయిల్ అడిగితే, యంత్రం ఇంకా వారి నమోదులోనే ఉందని అర్థం. దాన్ని అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయాలి.

అడాప్టర్ కూడా ఆ కంపెనీదే అయి ఉండాలి. డెల్ యంత్రాలు పరాయి అడాప్టర్‌ను గుర్తించకపోతే వేగం తగ్గించుకుంటాయి. ఇంట్లో పాత మానిటర్ ఉండి దానికి వీజీఏ మాత్రమే ఉంటే, ఈ పెట్టెలకు ఎక్కువగా ఉండేది డిస్‌ప్లేపోర్ట్ కనుక కన్వర్టర్ కావాలి. ఆఫీసుల్లో తీగతోనే నెట్ ఇచ్చేవారు గనుక చాలా యంత్రాల్లో వైఫై కార్డే ఉండదు.

చిన్న పెట్టె అసలు ప్రయోజనం కరెంటు విషయంలో తెలుస్తుంది. మానిటర్ మినహాయించి పాత టవర్ సీపీయూ 60 వాట్లు, మినీ పీసీ 12 వాట్లు తీసుకుంటాయనుకుంటే, రోజుకు పది గంటల చొప్పున నెలలో 25 రోజులకు మొదటిదానికి 15 యూనిట్లు, రెండోదానికి 3 యూనిట్లు ఖర్చవుతాయి. బిల్లులో ఆదా చిన్నదే. కరెంటు పోయినప్పుడు దొరికే వ్యవధి మాత్రం విలువైనది. సాధారణ 600 వీఏ యూపీఎస్‌లో ఉండే 12 వోల్టుల 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ కాగితం మీద 84 వాట్-అవర్లు దాచుకుంటుంది, నష్టాలు పోగా అందులో సగానికి కాస్త ఎక్కువ చేతికొస్తుంది. పాత సీపీయూ, మానిటర్ కలిసి 120 వాట్లు లాగితే అది ఇరవై నిమిషాల ముచ్చట. మినీ పీసీ, ఎల్‌ఈడీ మానిటర్, రౌటర్ కలిసి 45 వాట్లలో ముగిస్తే గంట దాకా వస్తుంది. వోచర్లు ఎక్కిస్తుండగా కరెంటు పోయి ట్యాలీ డేటా చెడిపోతే దాన్ని సరిచేసుకోవాల్సి వచ్చే అవస్థ తెలిసినవారికి ఆ గంట విలువ వేరే చెప్పనక్కర్లేదు. బ్యాటరీ లోపలే ఉండే ల్యాప్‌టాప్ ఈ ఒక్క విషయంలో మినీ పీసీని మించుతుంది. రోజంతా ఒకే చోట కూర్చుని చేసే పనికి పెద్ద తెర, వేరే కీబోర్డు ఇచ్చే హాయి మాత్రం దానికి లేదు.

ఈ రహదారి వెంట ఉండేవారు గాలి సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. లారీల రద్దీతో లేచే దుమ్ము సన్నని ఫ్యాన్‌ను త్వరగా ముంచుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు దుమ్ము పట్టిన ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. కంటికి కనిపించని మరో శత్రువు గంధకం కలిసిన వాయువులు, ఆమ్లపు ఆవిర్లు. అవి రాగి, వెండి పూతల మీద సన్నని తుప్పు పొర ఏర్పరుస్తాయి. కంప్యూటర్ గదుల గాలిని అంచనా వేయడానికి ఐఎస్‌ఏ 71.04 అనే ప్రమాణం ఒక రాగి రేకును నెల రోజులు ఆ గదిలో ఉంచి, దాని మీద పేరుకున్న పొర 30 నానోమీటర్ల లోపు ఉంటేనే గాలి సౌమ్యమైనదని చెబుతుంది. రసాయన కర్మాగారాల వాసన రాత్రివేళ ఇళ్లను కమ్మే కాలనీల్లో ఉండేవారు కిటికీ పక్కన కాక గది లోపలి వైపు యంత్రాన్ని పెట్టడం, మూడు నెలలకోసారి మూత తీసి బ్లోయర్‌తో దుమ్ము ఊదించడం, ర్యామ్ కాంటాక్టుల మీద పచ్చదనమో నల్లదనమో కనిపిస్తే వెంటనే శుభ్రం చేయించడం అవసరం. మానిటర్ వెనక తగిలించే వెసా బిగింపుతో పెట్టెను నేల దుమ్ముకు దూరంగా ఎత్తులో ఉంచవచ్చు.

కొత్త పెట్టె వచ్చాక మూలన పడే పాత సీపీయూలో కార్ఖానాల లెక్కలు, కూలీల వివరాలు నిండిన హార్డ్ డిస్క్ ఉంటుంది. డిలీట్ కొట్టినంత మాత్రాన అవి చెరిగిపోవు. ఆ డిస్క్‌ను ముందే విప్పించి, చిన్న యూఎస్‌బీ డబ్బాలో బిగిస్తే బ్యాకప్‌కు పనికొస్తుంది. పాతబడి శబ్దం చేస్తున్నదైతే డ్రిల్లుతో పళ్లేలకు రంధ్రాలు చేయించడమే క్షేమం. 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం రీఫర్బిషర్లు, రీసైక్లర్లు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వద్ద నమోదు చేసుకోవాలి. మిగిలిన పెట్టెను పాత సామాన్ల బండికి కాక అలా నమోదైన వారికి అప్పగిస్తే, సర్క్యూట్ బోర్డులను బయట కాల్చి రాగి తీసే పొగ ఇప్పటికే గాలి కోసం, నీటి కోసం ఏళ్ల తరబడి పోరాడుతున్న ఈ ఊళ్ల మీదికి రాకుండా ఉంటుంది.