శుభలేఖ పారేయొద్దు.. ఇంటికి అందం చేయొచ్చు!

పెళ్లి ముచ్చట మూడు రోజులు. శుభలేఖ గూట్లో ఉండేది మూడు నెలలు. ఆ తర్వాత అది అటక మీదికో, పొయ్యిలోకో పోతుంది. దాని మీది బంగారు అంచు, లతలు, నెమళ్లు అన్నీ వృథా. వాటినే కత్తిరించి పాత చెక్కపెట్టెకో, ఫొటో ఫ్రేముకో అతికించి వార్నిష్ పూస్తే ఇల్లు కళకళలాడుతుంది. ఫ్రెంచి భాషలో కత్తిరించడం అనే మాట నుంచి వచ్చిన ‘డెకూపాజ్’ ఈ పనికి పేరు.

ఛత్తాబజారు కార్డులు

హైదరాబాద్ పాతబస్తీలో పురానీ హవేలీకి దగ్గరలోని ఛత్తాబజారు పెళ్లికార్డులకు పెట్టింది పేరు. ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు.. ఏ భాషలో కావాలన్నా అచ్చు వేసి ఇస్తారు. ఒకప్పుడు కాతిబులు కలంతో రాసిన ఉర్దూ అక్షరాలే కార్డు మీద అచ్చయ్యేవి. 1990ల్లో కంప్యూటర్ వచ్చాక ఆ చేతిరాతకు గిరాకీ పడిపోయింది. అలాంటి పాత కార్డు ఇంట్లో ఉంటే కత్తెర పెట్టకుండా దాచుకోవడమే మేలు. కొత్త కార్డులకు కొదవ లేదు.

ఈ పని పుట్టింది కూడా పొదుపులోనే. చైనా, జపాన్‌ల నుంచి వచ్చే లక్కపూత సామాన్లంటే యూరప్ జమీందార్లకు మోజు. ధర మాత్రం చుక్కల్లో ఉండేది. 18వ శతాబ్దంలో ఇటలీలోని వెనిస్ పనివాళ్లు అచ్చుబొమ్మలు కత్తిరించి, చెక్కకు అతికించి, పైన వార్నిష్ పూసి అలాంటివే తయారు చేశారు. దానికి ‘పేదవాడి లక్క’ అని పేరొచ్చింది.

చేసే పద్ధతి

ముందు చెక్కను గరుకు కాగితంతో నున్నగా రుద్ది, రంగు వేసి ఆరబెట్టాలి. కార్డు మందంగా ఉంటే కాస్త తడిపి వెనక పొర ఒలిచేయాలి. లేకుంటే అంచులు పైకి లేస్తాయి. రెండు వంతుల ఫెవికాల్‌కు ఒక వంతు నీళ్లు కలిపి పలుచగా రాయాలి. బొమ్మను అతికించి మధ్య నుంచి అంచులకు వేలితో ఒత్తితే లోపలి గాలి పోతుంది. మైదా బంక చవకే గానీ దానికి బొద్దింకలు, పురుగులు వస్తాయి.

ఒక రోజు ఆరాక, అదే పలుచటి ఫెవికాల్ పైన మరోసారి పూయాలి. ఇది మరవకూడదు. నేరుగా వార్నిష్ పూస్తే కాగితం నూనె పీల్చి మరకలు పడుతుంది. తర్వాత నాలుగైదు పూతల వార్నిష్ చాలు. పూత పూతకూ ఆరనివ్వాలి. గాలి ఆడేచోట, పొయ్యికి దూరంగా చేయాలి. ఇలా చేసిన పళ్లెంలో వేడి గిన్నె పెట్టరాదు, నీళ్లలో నానబెట్టరాదు.

దేవుడి బొమ్మలు, బిస్మిల్లా అక్షరాలు ఉన్న ముక్కలను పీటల మీద, కాళ్లు తగిలేచోట అతికించకుండా విడిగా తీసి పెట్టడం మర్యాద.

అసలు ఫొటోకు బంక వద్దు

చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే. తాత ఫొటోనో, అమ్మానాన్నల పెళ్లి ఫొటోనో అందంగా ఉంటుందని నేరుగా అతికించేస్తారు. పాత నలుపు తెలుపు ఫొటో మీద జిలాటిన్ పొర ఉంటుంది. తడి తగిలితే అది ఉబ్బుతుంది, ఊడుతుంది. వార్నిష్ ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కుతుంది. ఒకసారి అతికాక ఫొటోను తిరిగి తీయడం అసాధ్యం.

ఆరో నిజాం కొలువులో ఫొటోగ్రాఫర్‌గా పేరు పొందిన రాజా దీన్‌దయాళ్ 1905లో కన్నుమూశారు. ఆయన తీసిన 2,857 గాజు నెగటివ్‌లను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరించింది. నెగటివ్ ఉంటే ఫొటో మళ్లీ వస్తుంది. పల్లెలో ఆ వీలు ఎక్కడిది? ఫొటో తీసిన స్టూడియో ఎప్పుడో మూతపడి ఉంటుంది, నెగటివ్ ఎక్కడుందో ఎవరికీ తెలియదు. గోడ మీది ఆ ఒక్క పటమే ఆ మనిషికి మిగిలిన గుర్తు.

అందుకే ముందు ఫొటోకు జిరాక్సో, లేజర్ ప్రింటో తీయించుకోవాలి. ఆ నకలునే కత్తిరించి అతికించాలి. ఇంక్‌జెట్ ప్రింటు పనికిరాదు, తడికి రంగు కారుతుంది. అసలు ఫొటోను శుభ్రమైన కాగితపు కవరులో పెట్టి, చెమ్మ, చెద తగలని పెట్టెలో దాచాలి. వెనకాల పెన్సిల్‌తో మెల్లగా పేరు, ఊరు, సంవత్సరం రాసి ఉంచితే మనవళ్లకు ఎవరిదో తెలుస్తుంది.

కార్డు పాడైతే వచ్చే పెళ్లికి మరొకటి వస్తుంది. తాత ఫొటో పోతే మళ్లీ రాదు.