జీవామృతం వడపోతకు అమ్మ పాత నూలు చీర

మా పలమనేరు వైపు టమోటాకు డ్రిప్పే దిక్కు. మొదటి ఏడాది జీవామృతాన్ని ఉత్త దోమతెరతో వడకట్టి వదిలాను. పేడ పీచు, పిండి నలుసులు డ్రిప్పర్లలో ఇరుక్కుని రెండు సాళ్లు ఎండిపోయినాయి. అమ్మ పక్కన పడేసిన నూలు చీర అప్పుడు పనికొచ్చింది.

200 లీటర్ల డ్రమ్మును రాత్రంతా కదపకుండా ఉంచి, పొద్దున పైతేట మాత్రమే తోడాలి. పైన దోమతెర, కింద నాలుగు మడతల చీర. ఉతికి ఉతికి నూలుపోగు నూగు లేచి ఉంటుంది గదా, సన్న నలుసు కూడా ఆగుతుంది. ఆలస్యమైతుందని చీరను పిండొద్దు, మడ్డంతా కిందికి దిగుతుంది (నేను చేసిన రెండో తప్పు ఇదే). వాడినాక సబ్బు పెట్టకుండా జాడించి ఆరేయండి. డ్రిప్పులో చివర అరగంట మంచినీళ్లు వదిలి, పైపుల కొన మూతలు తీసి కడగాలి. పిప్పిని మామిడి పాదుల్లో వేస్తున్నా. చీర మడత వీడియోలో చూడండి.