అసమానుల చదరంగము

కోడిపందెమున రాజ్యమొడ్డిన కథ పల్నాటివారమగు మనకు క్రొత్తగాదు. చదరంగమున నట్టి దైవాధీనము లేదు, నేర్పే బలము. అట్లయిన, నేర్పరి యెదుట తక్కువవారు కూర్చుండుట వృథాయా?

2025 జూలైలో జార్జియా దేశపు బటూమి నగరమున స్త్రీల ప్రపంచకప్పు తుదిపోరు జరిగెను. మన గుడివాడ యాడపడుచు కోనేరు హంపి 2002లోనే గ్రాండ్‌మాస్టరు. 2024లో శీఘ్రచదరంగమున ప్రపంచవిజేత. ప్రత్యర్థి, నాగపూరు దివ్యా దేశ్‌ముఖ్, హంపికి ఆ బిరుదు వచ్చిన మూడేండ్ల పిమ్మట పుట్టిన బాల. ఆ పోటీలో బలమునుబట్టి యామెకిచ్చిన స్థానము 15వది.

రెండు దీర్ఘక్రీడలును సమమయ్యెను. 28వ తేదీని శీఘ్రక్రీడలలో మొదటిదియు నట్లే. రెండవదాన గడియారము తఱుముచుండ హంపి పొరపడెను. దివ్య గెలిచి, తానును గ్రాండ్‌మాస్టరయ్యెను.

తల్లులారా! మీ బాలిక తనకన్న నేర్పరి యెదుట కూర్చుండగోరినచో, ఓడుదువని వారింపకుడు. ఎత్తు వేయకమున్నే యోటమిని నిర్ణయించుట యాట కాదు.