కొండ మీద వరస ఇళ్ళు

ఇంగ్లండులోని బాత్ పట్టణంలో రాయల్ క్రెసెంట్ అనే వీధి వున్నది. దానిని చూడడానికి దేశదేశాల యాత్రికులు వస్తారు. 1767 - 1774 సంవత్సరాల మధ్య చిన్న జాన్ వుడ్ అనే శిల్పి రూపకల్పనతో లేచిన ముప్పయి ఇళ్ళవి. నెలవంకలాగా వంపు తిరిగి, ఒకదానినొకటి ఆనుకొని వుంటాయి. ముందు గోడ అంతా ఒకే తీరు. వెనక భాగం మాత్రం ఎవరి తాహతుకు తగినట్టు వారు కట్టుకొన్నారు. నేలమాళిగలో వంటిల్లు, మేడమీద చుట్టాలు కూర్చునే సావడి, అన్నిటికీ పైన నౌకర్ల గదులు - ఆనాటి ఇంగ్లీషు పట్టణపు ఇంటి తీరు అది.

వరస ఇళ్ళ అందం చూడాలంటే సముద్రం దాటనక్కరలేదు. అరకు నుంచి తూర్పు కనుమల వెంట ఈశాన్యంగా సాగి సీతంపేట కొండలు చేరితే చాలు. అక్కడి సవరలు పూర్వంనుంచీ ఇళ్ళను విడివిడిగా కట్టుకొనేవారు కారు. ఇంటికీ ఇంటికీ నడుమ ఒకటే గోడ. వీధి పొడుగునా ఒకటే కప్పు, ఒకటే ఎత్తరుగు. రాయీ మట్టీ పేర్చి గోడ పెట్టి, ఎర్రమట్టితో అలికి, పైన గడ్డి కప్పుతారు. చూరు ఎంత కిందికి దిగి వుంటుందంటే, ఎంతటివాడైనా తల వంచి వెళ్ళవలసిందే! లోపల ఒకటే గది. అందులో కొంత మేర అటక, దానిమీద ధాన్యం. అటక కింద పొయ్యి. పొగ తగిలిన గింజకు పురుగు పట్టదు.

గోడమీద బియ్యప్పిండితో వేసిన బొమ్మలు కనబడతాయి. చదరంగా గీసిన ఆ గీతలు ఉత్త ముగ్గు కాదు. అది దేవతకో, గతించిన పెద్దలకో కట్టి ఇచ్చిన ఇల్లు. ఇంట్లో మరో ఇల్లన్నమాట! గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష నేర్చి, 1931లో వ్యాకరణమూ, 1938లో నిఘంటువూ ప్రకటించినది ఈ ఇళ్ళవారి మాటలు విన్న తరువాతనే.

అయితే గడ్డి కప్పుకు నిప్పు భయం వున్నది. ఒక చూరు అంటుకొంటే వరస అంతా బుగ్గి. అందుకే సిమెంటు ఇళ్ళు కావాలని కొండవారు కోరడంలో తప్పు లేదు. 2023లో మొదలైన ప్రధానమంత్రి జన్‌మన్ పథకంలో వెనుకబడిన ఆదిమ తెగలకు పక్కా ఇళ్ళు కట్టించడం ఒక భాగం. కాని ఇల్లిల్లూ విడిగా లేస్తే ఉమ్మడి గోడ పోతుంది, ఉమ్మడి అరుగు పోతుంది. తల్లి పోడుకు వెళ్ళినప్పుడు పసిబిడ్డను పక్కింటి అవ్వ కనిపెట్టుకొని వుండేది ఆ అరుగుమీదనే కదా?

1666లో లండను నగరం తగలబడి, సుమారు 13,200 ఇళ్ళు బూడిద అయినాయి. మరుసటి ఏడు చట్టం చేసి, కర్ర గోడలు మాన్పించి ఇటుకా రాయీ వాడించారు. ఉమ్మడి గోడ మందం ఎంత వుండాలో కూడా నిర్ణయించారు. ఇళ్ళ వరసను మాత్రం విడగొట్టలేదు. శతాబ్దం తిరిగాక బాత్ నగరపు నెలవంక వెలసింది ఆ తోవలోనే.

కొండమీద నకళ్ళు గీసే ఇంజనీర్లు ఈ కథ గుర్తుంచుకొంటే మేలు. కప్పు మార్చండి, గోడ గట్టి చేయండి. వరస మాత్రం చెదరనివ్వకండి.